కడగొద్దు, తుడవండి

పండగొస్తోందంటే మన జంగారెడ్డిగూడెంలో బూజులు దులపడం, ఇల్లు కడగడం మొదలు. గచ్చుమీదా బండలమీదా ఎన్ని బకెట్లు గుమ్మరించినా ఫరవాలేదు. ఆ చేత్తోనే టేకు చెక్కలు పరిచిన పాత మేడ గదినీ కడిగేస్తుంటే మాత్రం నా ప్రాణం ఉసూరుమంటుంది.

పక్కనే పోలవరం, పాపికొండల అడవి. గుర్వాయిగూడెంలో ఆంజనేయస్వామి కొలువైందే మద్దిచెట్టు తొర్రలో. కర్రతో ఇంత చుట్టరికం ఉన్నవాళ్ళం, దాని తీరు మరిచిపోతే ఎలా? శ్రావణంలో వీధి తలుపు బిగుసుకుపోతే భుజంతో నెట్టడం మనకు అలవాటే. తడిగాలికే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడవు పెద్దగా మారదు. ఇక నేలచెక్కల సందుల్లోకి నీళ్ళు దిగితే అంచులు లేస్తాయి, నడుమ పల్లం పడుతుంది.

ముందు మెత్తటి చీపురుతో ఇసుక తీసేయాలి. కాలికింద నలిగి పాలిష్‌ను గీకేది అదే. నాలుగైదు కుంకుడుకాయలు నానబెట్టి, పిసికి, వడకట్టి అరబకెట్ నీళ్ళలో కలపండి. పాత నూలుపంచె ముక్క ముంచి, చుక్క కారకుండా పిండి, చెక్క చార వెంబడే తుడవండి. తుడిచినచోట తడి చూస్తుండగానే ఆరాలి. వెనకే పొడిగుడ్డ పట్టాలి. మొదట ఓ మూల తుడిచి చూసుకోవడం మంచిది.

తుడవడానికని వెనిగర్‌లో వంటసోడా కలిపితే బుసబుసా పొంగుతుంది, నిజమే. ఒకటి పులుపు, ఇంకోటి క్షారం. రెండూ విరిగిపోయి మిగిలేది ఉప్పునీళ్ళలాంటిదే. ఉత్త సోడానీళ్ళు ఇంకా చేటు, పాత ఇళ్ళ లక్క పాలిష్‌ను తినేస్తాయి.

అమెరికాలో పిల్లల ఇళ్ళకు వెళ్ళే అమ్మలకూ ఓ మాట. అక్కడి చెక్కనేలలకు ఎక్కువగా పాలియురెథేన్ పూత ఉంటుంది. కొబ్బరినూనె రాస్తే లోపలికి దిగదు, పైనే జిడ్డై కాలు జారుతుంది.

నూనె కావలసింది పూత పోయిన ఉత్త చెక్కకు. కొబ్బరినూనె, ఆముదం గట్టిపడవు, దుమ్ము పట్టేస్తాయి. అవిసెనూనె గాలి తగిలి గట్టిపడుతుంది. పల్చగా రాసి, మిగిలింది తుడిచేయండి. ఆ గుడ్డను మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకోవచ్చు. నీళ్ళలో తడిపి, పెరట్లో తీగమీద విడదీసి ఆరేయండి.