జలభయము – శిథిలబంధము

పూర్వలేఖకులు ప్రతి తుదిని గ్రంథముచేతఁ బలికించు ప్రార్థన పండితు లెల్లరు నెఱిఁగినదే. నూనెనుండియు, నీటినుండియు, సడలిన కట్టునుండియుఁ దన్నుఁ గాపాడుమనియు, మూర్ఖుని చేతి కీయవలదనియు నది వేఁడును. దీనిని లేఖకుల లాంఛనముగా నెంచి విడుచుటయే వాడుక. కాని నీటి వెంటనే కట్టును జెప్పుటలోని యనుభవము వఱద వచ్చిననాఁడు గాని తెలియదు.

2024 సెప్టెంబరు 1వ తేదీని కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల నడుమ వఱద రైలుకట్టను గోసివేయఁగాఁ బట్టాలు గాలిలో వ్రేలాడినవి. ఆ వానలకే విజయవాడలో బుడమేరు పొంగి వీధులు మునిఁగినవి. కంకరకట్టయే నిలువని నీటి యెదుట నింటిమూలనున్న తాటియాకుల కట్టయు, సంగ్రహాలయపు నేలమీఁది పెట్టెయు నెంత?

తాళపత్రమునకు నీటివలనఁ గలుగు హాని పైకిఁ దోఁచినంత కాదు. గంటపు గీఁత నిలుచును; దానిలోని మసి మాత్రమే కొట్టుకొనిపోవును; మఱల మసి పూసినచో వ్రాఁత లేచును. నిజమైన హాని యార్చుటలోఁ గలదు. తడిసిన మిరపకాయలవలె నెండలోఁ బఱచిన యాకు మెలిదిరిగి పగులును. అంతకంటెను గొప్ప కీడు, పఱచుటకై దారముఁ గోయుట. ఆకుల సంఖ్య యంచున నుండును. చివుకుటయు నంచుననే మొదలగును. సంఖ్యయు దారమును బోయిన పిదప నాకుల వరుసకు అర్థము గాక మిగులు సాక్షి ఛందస్సొక్కటే. వృత్తము నడుమ ఆకు ముగిసినచో గణయతిప్రాసములు తరువాతి యాకును బట్టి యిచ్చును. ద్విపదకుఁ బాదములు రెండే యగుటచే నీ సాక్ష్యము పలుచన. ప్రాసయే లేని మంజరీద్విపద కంతకంటెను దిక్కులేదు. పాలకుర్తి సోమనాథుని పేరు నేఁటికిని నిలిచియున్న యీ సీమలో నిది చిన్నమాట కాదు. వరుస తప్పిన ప్రతిని నూఱేండ్లకుఁ జూచు పరిష్కర్త, కథలోని యతుకుఁ గని లేఖకుని దూఱును, లేదా ప్రక్షిప్తమనును; తప్పు మాత్రము తడిసిననాఁడు రక్షింపవచ్చినవారిది.

ఇటలీదేశపు ఫ్లోరెన్సు నగరమున 1966 నవంబరు 4వ తేదీని ఆర్నోనది పొంగి, జాతీయగ్రంథాలయమునఁ బదిలక్షలకు మించిన గ్రంథాదులను దడిపెను. వానిలోఁ గొన్నింటిని బొగాకు నార్చు బట్టీలలో నార్చిరి. (గుంటూరుసీమవారి కీ యుపాయము వింతగాఁ దోఁపదు.) అచటఁ బనిచేసిన యాంగ్లేయుఁడు పీటరు వాటర్సు పిదప అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమునఁ జేరి, 1975లో నీటఁ దడిసిన గ్రంథముల నుద్ధరించు విధానమును బ్రకటించెను. బూజు రెండుమూఁడు దినములలోనే పుట్టును గావున, వెంటనే యార్పఁజాలని కాగితములను గడ్డకట్టించి యుంచినచో వ్యవధి దొరకునని దాని సారము. కాగితమునకు మేలైన యుపాయమే. కాని యది కుట్టుపుస్తకములఁ జూచి పుట్టిన శాస్త్రము. అచట వరుసను గుట్టే కాపాడును. మన ప్రతికి వరుస దారమునఁ గలదు. కావున నిచట మొదటి నియమము వేఱు. దారముమీఁదనే యాకులను విసనకఱ్ఱవలె విప్పి, నడుమ నద్దుడుకాగితము నుంచి, నీడలో గాలి తగులనీయవలెను. విడఁదీయక తప్పనిచో ముందుగా నొక్కొక్క యాకునకు వరుసగా ఛాయాచిత్రము తీసి, పెన్సిలుతో సంఖ్య వేసిన చీటిని జేర్పవలెను; సిరాచీటి తడికిఁ గరఁగును.

సూచికలయందును లోపము కలదు. మద్రాసు ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారపు వర్ణనాత్మకసూచికలు ప్రతియొక్క స్థితిని దఱచుగా శిథిలమను నంతటి యొకటిరెండు మాటలతోఁ దెల్పును. పురుగు తిన్నదో, నీట నానినదో దానివలనఁ దెలియదు. పురుగు అక్షరములను దినును గాని యాకుల వరుసను మార్పదు. నాని యారిన ప్రతియైనచోఁ బరిష్కర్త వరుసనే శంకింపవలసియుండును. అందుచేఁ దడిసిన సంవత్సరమును, దారము మార్చిన దినమును సూచికలో నెక్కింపవలెను.