రాని పడవకు ఎన్ని పాయింట్లు?

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ సెయిలింగ్‌లో రజతం గెలిచినప్పుడు పేపర్లలో రెండు అంకెలు వేశారు. మొత్తం 32 పాయింట్లు, నికరంగా 27. హైదరాబాద్ నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "అదేంటి బావా, గెలిచిన పిల్లకి పాయింట్లు కోసేశారు? జరిమానా ఏమన్నా వేశారా?" అని అడిగాడు. జరిమానా కాదు, వెసులుబాటు. సెయిలింగ్‌లో మొదటొచ్చిన పడవకు 1, రెండో పడవకు 2, పదో పడవకు 10. చివర్న ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లే విజేత. పైగా ఆ మొత్తంలోంచి అన్నిటికన్నా అధ్వానంగా వెళ్లిన రేసును కొట్టేసుకోనిస్తారు. పదకొండు రేసుల్లో నేహాకు అధ్వానమైనది అయిదో స్థానం. 32లోంచి 5 పోతే 27. పరీక్షలు రెండు రాయించి మంచి మార్కులొచ్చినదే లెక్కేసుకోవడం లాంటిదన్నమాట అంటే వాడికి వెంటనే వెలిగింది.

అక్కడితో ఆగితే సెయిలింగ్ లెక్క చాలా సులువైన లెక్క. ఎందుకంటే అది కొద్ది రోజుల్లో ముగిసే పోటీ. ఏటా వానాకాలంలో మన హుస్సేన్‌సాగర్‌లో జరిగే మాన్‌సూన్ రెగట్టా అయినా అంతే. పేరు రాయించుకున్నవాళ్లంతా వస్తారు, అన్ని రోజులూ ఉంటారు, పోటీ పడతారు, వెళ్లిపోతారు. క్లబ్బు సీజన్ అలా ఉండదు. ఏప్రిల్‌లో మొదలై అక్టోబరు దాకా, ఆదివారం ఆదివారం సాగుతుంది. ఒక వారం వచ్చినవాళ్లు మరో వారం రారు. పెళ్లిళ్లు, జ్వరాలు, పిల్లల పరీక్షలు, కారు చెడిపోవడం. వచ్చినవాళ్ల మధ్య ఎవరు ముందో చెప్పడానికి విజిల్, వాచీ చాలు. రానివాళ్లను ఏం చేయాలన్నదే అసలు చిక్కు.

ఇంగ్లండులో మేముండే ఊరి శివార్లలో కంకర తవ్వేసిన గోతుల్లో నీరు చేరి చెరువైంది. దాని ఒడ్డున ఓ చిన్న సెయిలింగ్ క్లబ్బు. పడవ నడపడంలో నేను మధ్యరకం. ఉద్యోగం అకౌంట్స్ కావడంతో స్కోర్ల పని నా నెత్తికి చుట్టుకుంది. ఇప్పుడు సెయిల్‌వేవ్ అనే ప్రోగ్రాం ఉంది, కూడికలన్నీ అదే చేసుకుంటుంది. కానీ దేన్ని కూడాలో, దేన్ని వదిలేయాలో మనుషులు తేల్చుకుని దానికి చెప్పాలి. ఆ తేల్చుకోవడంలోనే క్లబ్బు గుణం బయటపడుతుందని నాకు నమ్మకం.

ప్రపంచమంతటా వాడే నిబంధనల పుస్తకం ఒకటుంది. వరల్డ్ సెయిలింగ్ సంస్థ నాలుగేళ్లకోసారి సవరించి వేస్తుంది. స్కోర్ల సంగతి దాని చివర్న 'అపెండిక్స్ ఎ'లో ఉంటుంది. రేసు పూర్తిచేయని పడవకు, ప్రారంభ గీత ముందే దాటేసి వెనక్కి రాని పడవకు, అసలు రాని పడవకు, అందరికీ ఒకటే శిక్ష: సిరీస్‌లో పేరున్న పడవలెన్నో దానికి ఒకటి కలిపి అన్ని పాయింట్లు. రెగట్టాకు ఇది బాగానే నప్పుతుంది. క్లబ్బు సీజన్‌లో వికటిస్తుంది. ఏడాది మొత్తం మీద ఎప్పుడో ఒకప్పుడు పాల్గొన్న పడవలు 40 అనుకోండి. ఈ ఆదివారం నీళ్లమీద ఉన్నవి 8. గాలికి తెరచాప కొయ్య విరిగి, చలిలో తడిసి, లాగించుకుని ఒడ్డుకు చేరినవాడికి 41. ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నవాడికీ 41!

ఈ అన్యాయానికి పుస్తకంలోనే ఒక విరుగుడుంది. క్లబ్బు ముందుగా ప్రకటిస్తే, ప్రారంభ స్థలం దాకా వచ్చిన పడవ రేసు పూర్తిచేయకపోయినా ఆ రోజు వచ్చిన పడవలకు ఒకటి కలిపితే చాలు. అంటే 9. అసలు రానివాడికి మాత్రం 41 అలాగే ఉంటుంది. పట్టికలో వీళ్లకు పొట్టి పేర్లుంటాయి. వచ్చి బయల్దేరనివాడు డీఎన్‌ఎస్, బయల్దేరి పూర్తిచేయనివాడు డీఎన్‌ఎఫ్, రానేరానివాడు డీఎన్‌సీ. ఏడాది చివర్న మా పట్టిక చూస్తే అంకెలకన్నా ఈ డీఎన్‌సీలే ఎక్కువ కనిపిస్తాయి.

ఈ 41లో ఒక తమాషా ఉంది. ఎవరి బంధువో సెలవులకొచ్చి సరదాగా ఒక్క రేసులో పాల్గొన్నాడంటే, పేరున్న పడవలు 41 అవుతాయి. దాంతో ఆ సీజన్‌లో ఎవరెవరు ఎప్పుడెప్పుడు రాలేదో వాళ్లందరి డీఎన్‌సీ 42కి ఎగబాకుతుంది. మే నెలలో నాగా పెట్టినవాడికి ఆగస్టులో వచ్చిన చుట్టం వల్ల ఒక పాయింటు వడ్డన. మొదటిసారి ఇది చూసినప్పుడు ప్రోగ్రామే తప్పు చేసిందనుకుని కాగితం మీద మళ్లీ కూడాను. అది చేసింది సరిగ్గానే ఉంది.

ఇంకా పెద్ద వింత చెప్తాను. గాలీవానా హోరెత్తే ఆదివారం మూడే పడవలొచ్చాయి. ఆఖరున వచ్చినవాడికి 3. ఎండ కాసిన ఆదివారం పాతిక పడవలొచ్చాయి. ప్రాణం పెట్టి నడిపి మూడో స్థానం తెచ్చుకున్నదానికీ 3. రెండూ ఒకటే! ఎంతమందిని ఓడించావన్నది ఈ పద్ధతి అడగదు. మా క్లబ్బులో డెబ్బై దాటిన ఒకాయనకు ఈ మర్మం బాగా తెలుసు. ఏ రేసులోనూ ఆయన మొదట రావడం నేను చూడలేదు. జనవరి మంచులో, వేళ్లు కొంకర్లు పోయే గాలిలో, ముగ్గురో నలుగురో ఉన్నప్పుడు మాత్రం కచ్చితంగా ఉంటాడు. విడిగా నడిచే చలికాలపు సిరీస్ అయ్యేసరికి చురుకైన కుర్రాళ్లంతా ఆయన కింద ఉంటారు. దాన్ని దొడ్డిదారి గెలుపని కొందరు గొణుగుతారు. నేనొప్పుకోను. ఆ చలిలో ఆయన రాకపోతే రేసే ఉండేది కాదు.

ఎంతమందిని ఓడించావని అడిగిన పద్ధతి ఒకప్పుడు ఒలింపిక్స్‌లోనే ఉండేది. 1950లలో, 1960 నేపుల్స్ పోటీల్లో లాగరిథమ్ సూత్రం వాడారు. బరిలో ఉన్న పడవల సంఖ్యను మన స్థానంతో భాగించి, దాని లాగరిథమ్‌ను వెయ్యితో గుణించి, 101 కలపాలి. అప్పట్లో ఎక్కువ పాయింట్లొచ్చినవాడిదే గెలుపు. 40 పడవల్లో మొదటొస్తే 1703, మూడింట్లో మొదటొస్తే 578. పోటీ ఎంత పెద్దదైనా మొదటి, రెండో స్థానాల మధ్య తేడా ఎప్పుడూ 301. తొమ్మిది, పది స్థానాల మధ్య 46 మాత్రమే. లెక్కల మేష్టార్లు మెచ్చుకునే పద్ధతి. ఒడ్డున నిలబడ్డవాడికి ఎవరు ముందున్నారో చెప్పాలంటే లాగరిథమ్ టేబుల్ పుస్తకం తెరవాలి. 1968 నుంచి దాన్ని మానేసి 0, 3, 5.7, 8, 10, 11.7 అనే మెట్లు పెట్టారు. తర్వాత అదీ పోయి, చిన్నపిల్లాడు కూడా కూడుకోగలిగే 1, 2, 3 మిగిలింది. అందం తగ్గినా, తడి చేతులతో ఓడరేవు గోడ మీద కూర్చుని ఎవరి మొత్తం వాళ్లు కూడుకోవచ్చు.

కొట్టేసే రేసుల దగ్గర కూడా పుస్తకం దారి వేరు, క్లబ్బుల దారి వేరు. పుస్తకం మామూలుగా ఒక్క రేసునే కొట్టేయమంటుంది. సీజన్ అంతా నడిచే సిరీస్‌కు అది చాలదు. 20 రేసుల్లో ఒక్కటే కొట్టేస్తే, మూడు ఆదివారాలు తప్పినవాడికి ఇక ఆశ ఉండదు, నాలుగో ఆదివారం వాడు రావడమే మానేస్తాడు. అందుకే చాలా క్లబ్బులు సగానికి కాస్త పైన, అంటే 20లో మంచివి 11 తీసుకుంటాయి. మరీ ఉదారంగా 20లో 6 చాలన్నారనుకోండి, తనకు నచ్చిన గాలి వీచిన రోజునే వచ్చి, ఆరుసార్లు గెలిచి, కప్పు పట్టుకుపోయే మొనగాడు తయారవుతాడు. నా ఓటు 11కే.

ఒలింపిక్ స్థాయిలో ఈ లెక్కలే ఆయుధాలవుతాయి. 1996లో సవానా నీళ్లమీద లేజర్ అనే పడవల తరగతి ఆఖరి రేసుకు బ్రెజిల్ రాబర్ట్ షెయిట్ ముందంజలో ఉన్నాడు, వెనకే బ్రిటన్ కుర్రాడు బెన్ ఎయిన్‌స్లీ. నల్లజెండా ఎగిరాక తొందరపడి గీత దాటితే ఆ రేసు పోయినట్టే. షెయిట్ ముందే దాటాడు, అతన్ని చూసి ఎయిన్‌స్లీ కూడా దాటాడు. ఇద్దరూ బహిష్కృతులే, స్వర్ణం షెయిట్‌ది. నాలుగేళ్ల తర్వాత సిడ్నీలో ఎయిన్‌స్లీ బాకీ తీర్చుకున్నాడు. చివరి రేసులో షెయిట్ బాగా వెనకబడితే చాలు, స్వర్ణం తనది. అందుకని గెలుపు ఊసే ఎత్తకుండా షెయిట్ పడవకు గాలి అందకుండా అడ్డం పడుతూ, ఇద్దరినీ గుంపు తోకలోకి ఈడ్చాడు. అది ఆటేనా అని అప్పుడు చాలామంది ముక్కు మీద వేలేసుకున్నారు. నిబంధనల్లో తప్పేమీ లేదు. తర్వాత 2008 నుంచి ఆఖరి పతక రేసుకు రెట్టింపు పాయింట్లు పెట్టారు, దాన్ని కొట్టేసే వీలు తీసేశారు.

మా చెరువులో అంత రాజకీయం లేదు. మాకున్నది డ్యూటీ తగువు. రేసు నడపాలంటే ఒకరు ఒడ్డున గంట కొట్టాలి, ఇద్దరు రక్షణ పడవలో తిరగాలి. సభ్యులే వంతులవారీగా చేస్తారు. ఆ రోజు వాళ్లు రేసులో లేరు కాబట్టి డీఎన్‌సీ వేస్తారా? వేస్తే మరుసటి ఏడు గంట కొట్టేవాడే దొరకడు. అందుకని వాళ్ల మిగతా రేసుల సగటును ఆ రోజుకు ఇస్తాం. ఏ సగటు? కొట్టేసినవి కూడా కలిపా, వదిలేసా? మంచి రేసుల సగటే ఇస్తే, బాగా నడిపేవాడికి డ్యూటీ రోజు కూడా గెలిచిన రోజే అవుతుంది. డీఎన్‌సీలు కలిపి తీస్తే, పాపం, సేవ చేసినందుకు శిక్ష. మా దగ్గర వచ్చిన రేసులన్నిటి సగటు, సీజన్‌కు రెండుసార్లు మించకుండా అని రాసుకున్నాం. రెండే ఎందుకన్నదాని మీద ఒక సాయంత్రమంతా వాదన నడిచింది.

పడవలన్నీ ఒకే రకం కావు, అదో గొడవ. ఆర్‌వైఏ, అంటే బ్రిటన్ సెయిలింగ్ సంఘం, ఏటా పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ పేరుతో ఒక్కో రకానికీ ఒక్కో అంకె ప్రకటిస్తుంది. నిదానమైన పడవకు పెద్ద అంకె. పట్టిన సమయాన్ని వెయ్యితో గుణించి ఆ అంకెతో భాగించాలి. సులువు కోసం లేజర్‌కు 1100, పిల్లల ఆప్టిమిస్ట్‌కు 1640 అనుకుందాం. లేజర్‌కు 55 నిమిషాలు, ఆప్టిమిస్ట్‌కు 82 నిమిషాలు పడితే ఇద్దరి సవరించిన సమయమూ సరిగ్గా 50 నిమిషాలే. ఇద్దరూ మొదటి స్థానంలో సమానమైతే 1, 2 కలిపి చెరిసగం, తలా 1.5. పదేళ్ల పిల్ల, నలభై ఏళ్ల ఆసామి ఒకటిన్నర చొప్పున పంచుకున్న రోజు పట్టిక నోటీసు బోర్డుకు అంటిస్తుంటే నాకు భలే సంతోషం.

వచ్చే నెల సర్వసభ్య సమావేశం. చిన్నపిల్లల తల్లిదండ్రులు ఒక తీర్మానం పెట్టారు. రానివాడికి 41 మరీ దారుణం, ఆ రోజు వచ్చినవాళ్లకు ఒకటి కలిపితే చాలదా అని. వాళ్ల కష్టం నిజమే. కానీ ముగ్గురొచ్చిన తుపాను ఆదివారం ఇంట్లో పడుకున్నవాడికి అప్పుడు 4 పాయింట్లు. పాతికమందితో పోటీపడి ఎనిమిదో స్థానం తెచ్చుకున్నవాడికి 8. అందుకే నేను చెయ్యెత్తను. బదులుగా సీజన్‌ను నాలుగు చిన్న సిరీస్‌లుగా విడగొడదామని రాసిచ్చాను. జూన్‌లో రాలేనివాళ్లు జులైలో మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టుకోవచ్చు. అయితే ఒకటి బదులు నాలుగు కప్పులు కొనాలి. కోశాధికారి ఇంకా సంతకం పెట్టలేదు.