తుప్పులో వరసలు

ఈ వానాకాలం కూడా భివండీ పద్మానగర్‌లో అదే గొడవ. రెండు రోజులు ఆగిన సాంచె మళ్లీ నడిపితే, గ్రే బట్ట మీద పడుగు వెంట సన్నటి ఎర్ర గీత. పిక్ గ్లాస్ పెట్టి చూస్తే రంగు అంటింది ఒకటి రెండు పోగులకే. పన్నెలో ఒక పంటికి పట్టిన తుప్పుకు తాను మొత్తం సెకండ్స్‌లో పోయింది. తుప్పు పేరెత్తితే నాకు ఎంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ మంటతోనే ఈ వారం నయోబియం గురించి చదివాను. మన హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే లోహం. మైనస్ 264 డిగ్రీలకు చల్లబరిస్తే కరెంటుకు దానిలో నిరోధమే ఉండదు. గాలి తగిలితే మాత్రం దాదాపు 5 నానోమీటర్ల ఆక్సైడ్ పొర, ఒక రకం తుప్పే, పట్టేస్తుంది. కణాలను పరుగెత్తించే యంత్రాల్లో కరెంటు ఈ లోహం పైపైన, కొన్ని పదుల నానోమీటర్ల లోతులోనే నడుస్తుంది. పైపొర బాగోకపోతే శక్తి వృథా.

ఆ పొరను చూసే పనిముట్టు స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు. దాని సూది మొన లోహానికి తగలదు, నానోమీటరు లోపు ఎడంలో తిరుగుతుంది. ఆ ఎడం నానోమీటరులో పదో వంతు పెరిగిందంటే కరెంటు సుమారు పది రెట్లు పడిపోతుంది. ఆ హెచ్చుతగ్గులతోనే పరమాణువుల బొమ్మ కడతారు. మందపాటి ఆక్సైడ్ కరెంటును పోనివ్వదు. అందుకని లోహాన్ని శూన్యంలో బాగా కాలుస్తారు. షికాగో విశ్వవిద్యాలయంలో సిబెనర్ బృందం అలా కాల్చి తీసిన బొమ్మలు చూడండి. మిగిలిన పలచటి ఆక్సైడ్ పడుగు తోడినట్టు బారులు తీరి ఉంది! ఆ చివరి పొర ఒక పట్టాన వదలదు కూడా.

ఇంకో సంగతి. 2025 నోబెల్ అందుకున్న క్లార్క్, డెవొరే, మార్టినిస్ 1980లలో చేసిన ప్రయోగంలో రెండు లోహాల మధ్య అడ్డుగోడ నయోబియం ఆక్సైడే. ఆ పొర లేకపోతే ప్రయోగమే లేదు. నేటి క్వాంటం చిప్‌ల మీద అదే ఆక్సైడ్ నష్టం తెస్తుంది. తుప్పంతా గీకి పారేయాలన్న నా పట్టు ఇక్కడ చెల్లదు. ఎక్కడుంది, ఎంత మందముంది, ఎలా అమరింది అని చూశాకే తీర్పు చెప్పాలి.

కొలాబా టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతాప్ రాయచౌధురి బృందం 0.35 కెల్విన్ దగ్గర పనిచేసే ఇలాంటి మైక్రోస్కోపు కట్టి, 2013లో ఆ వివరాలు ప్రచురించింది. భివండీలో ఫిజిక్స్ చదువుతున్న మన పిల్లలారా, డిగ్రీతో ఆపకండి. కొలాబా ఎంతో దూరం లేదు, వెళ్లి ఆ పని నేర్చుకోండి.