కొండకు నడిచొచ్చే వెలుగు మేడలు

మహాశివరాత్రి నాడు చిలకలూరిపేట నుంచి కోటప్పకొండకు పోయే దారిలో కరెంటు డిపార్ట్‌మెంటు వాళ్ళకు చేతినిండా పని. ప్రభ వస్తోందంటే ముందు లైను ఆపాలి, అడ్డొచ్చే తీగలు విప్పాలి, అది దాటిపోయాక మళ్ళీ బిగించాలి. తీగల కింద నుంచి వంగి పోగలిగిన వాహనం కాదది. 80, 90 అడుగుల ఎత్తున, నిలువెల్లా దీపాలతో, చక్రాల మీద నిటారుగా కదిలే కట్టడం.

పల్నాడు జిల్లాలో నరసరావుపేటకు దగ్గరగా ఉంది త్రికోటేశ్వరస్వామి కొలువైన ఈ కొండ. కోటిన్నొక్క ప్రభలు వస్తే స్వామి కొండ దిగి వస్తాడని భక్తుల నమ్మకం. మొక్కున్నవాళ్ళు చిన్న ప్రభలు కట్టుకొస్తారు. ఎడ్లబండ్ల మీదా, ట్రాక్టర్ల మీదా కట్టినవి వాటికన్నా కాస్త పెద్దవి. ఆకాశాన్నంటే విద్యుత్ ప్రభలు మాత్రం ఊరుమ్మడి వ్యవహారం. పురుషోత్తమపట్నం, కావూరు, మద్దిరాల లాంటి ఊళ్ళు చందాలు వేసుకుని, పక్క ఊరి కన్నా తమది మిన్నగా ఉండాలన్న పంతంతో వీటిని కడతాయి.

చూడవచ్చిన జనం కళ్ళు లైట్ల మీద ఉంటాయి. అసలు పనితనం వాటి వెనకా, కిందా ఉంది. అడుగున ఇరుసులూ చక్రాలూ బిగించిన బరువైన చట్రం. దాని మీద నిలువు బాదులు, అడ్డంగా వెదుళ్ళు, వాటికి బిగించిన దీపాల పలకలు. చిక్కల్లా ఒక్కటే: ఎత్తు పెరిగిన కొద్దీ అడుగున వెడల్పు పెంచాలి, కానీ రోడ్డు అంత జాగా ఇవ్వదు. ఇక గాలి సంగతి. గాలి వేగం రెండింతలైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఆ ఒత్తిడి 80 అడుగుల పైన పనిచేస్తే, అడుగు దగ్గర దాన్ని పడదోసే బలం ఎంత ఉంటుందో ఊహించవచ్చు. పలక ఎంత నిండుగా మూసుకుపోతే గాలికి అంత దొరుకుతుంది. అల్లికలో సందులు వదలడం అందం కోసమే కాదు, గాలి దూరిపోవడానికి కూడా.

దీనికి ఊళ్ళు కనిపెట్టుకున్న జవాబు మోకులు. ప్రభ పైభాగం నుంచి నాలుగు వైపులా దిగిన లావాటి తాళ్ళను జనం పట్టుకుని నడుస్తారు. గుంత వచ్చి ఎడమకు ఒరిగితే కుడి మోకు బిగుస్తుంది. మలుపులో ఒక పక్క వదులుతూ ఇంకో పక్క లాగాలి. ముందు లాగేవాళ్ళకూ పక్క మోకులవాళ్ళకూ మధ్య కేకలే సంకేతాలు. పురుషోత్తమపట్నం వైపు నుంచి కొండకు 13 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంత దూరమూ ఆ కట్టడం బరువు రోడ్డు మీద ఉన్నా, నిలకడ మాత్రం మనుషుల చేతుల్లోనే ఉంటుంది.

ఇప్పుడు దీపాల సంగతి. పాతకాలపు సీరియల్ సెట్లలో ఆరు వోల్టుల చిన్న బల్బులు 38 దాకా వరసగా కలిపితే గానీ 230 వోల్టుల లైనుకు ఆగేవి కావు. ఒకటి మాడితే వరసంతా ఆరిపోయేది. ఎక్కడ పోయిందో బల్బు బల్బూ తడిమి వెతకాలి. ఎల్‌ఈడీ పిక్సెల్ లైట్లు వచ్చాక లెక్క మారింది. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలతో పాటు చిన్న చిప్ ఉంటుంది. కంట్రోలర్ ఒకే తీగ మీద పంపే సమాచారంలో మొదటి 24 బిట్లను మొదటి చిప్ ఉంచుకుని, మిగతాది తర్వాతి దానికి అందిస్తుంది. పిక్సెల్‌కు 30 మైక్రోసెకన్లు. వెయ్యి పిక్సెల్‌ల వరస ఒకసారి పూర్తిగా మారడానికి 30 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు ముప్ఫైకి పైగా బొమ్మలు. కన్ను దాన్ని కదలికగానే చూస్తుంది. డెకరేషన్ పనివాళ్ళు ఈ బొమ్మలను ముందే కంప్యూటర్లో చేసుకుని, మెమరీ కార్డులో పెట్టి కంట్రోలర్‌కు తగిలిస్తారు.

కరెంటు ఖర్చూ తగ్గింది. ఐదు వోల్టుల పిక్సెల్ నిండు తెలుపులో వెలిగితే 0.3 వాట్లు తీసుకుంటుంది. పదివేలు వెలిగించినా మూడు కిలోవాట్లే. కాకపోతే కొత్త ఇబ్బందొకటి ఉంది. తీగ పొడవునా వోల్టేజి పడిపోతూ ఉంటే, నీలానికీ ఆకుపచ్చకూ ఎరుపు కన్నా ఎక్కువ వోల్టేజి కావాలి కాబట్టి, వరస చివర్లో తెలుపు కాస్తా ఎర్రబారుతుంది. మధ్యమధ్యలో మళ్ళీ కరెంటు కలపడమే దానికి మందు. తెలుపు వేసి చివరి వరసలు చూస్తే చాలు, వైరింగ్ చేసినవాడి పనితనం తెలిసిపోతుంది.

అమెరికాలో నెవాడా ఎడారిలో జరిగే బర్నింగ్ మ్యాన్ ఉత్సవంలో 2017లో ట్రీ ఆఫ్ టెనెరె అనే వెలుగు చెట్టును నిలబెట్టారు. లక్షన్నరకు పైగా ఎల్‌ఈడీలున్న ఆకులు సంగీతానికి స్పందించేవి. అద్భుతమైన పని, ప్రపంచం మెచ్చుకుంది. అయితే ఆ చెట్టు ఒకచోట నిలిచి ఉంది. కోటప్పకొండ ప్రభ వెలుగు గోడను మోసుకుంటూ రోడ్డెక్కుతుంది. ఆ చెట్టు దీపాలు పాటకు స్పందిస్తే, ఈ ప్రభ మోకు పట్టిన ప్రతి చేతికీ స్పందిస్తుంది. కళాకారులు ‘ఇంటరాక్టివ్’ అని పిలిచే గుణం ఇక్కడ సెన్సర్లు లేకుండానే ఉంది.

ఇంత పనితనం ఉన్నా పత్రికల్లో తిరునాళ్ళ వార్తంటే ఎక్కువగా ట్రాఫిక్, వేదికల మీది డాన్సులు, రాజకీయ నాయకుల రాకపోకలే. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటంగా కోనసీమ ప్రభల తీర్థం ఢిల్లీ దాకా వెళ్ళింది. సంక్రాంతికి భుజాల మీద పొలాల్లోంచి, కాలువల్లోంచి మోసుకెళ్ళే ఆ ప్రభలకు దక్కిన గౌరవం న్యాయమైనదే. పల్నాడు విద్యుత్ ప్రభలకు కావలసింది మరో రకం గౌరవం. వాటిని కొలవాలి. ఏ బాదు ఎంత లావు, మోకు ఏ ఎత్తున ఏ ముడితో కట్టారు, చట్రం మీద బరువు ఎక్కడ పెట్టారు, ఎంత గాలికి ఆపేస్తారు అన్నవి ఊరి పెద్దమేస్త్రీలకు చేతి అలవాటుగా తెలుసు, కాగితం మీద లేవు. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. శివరాత్రికి నెలముందు, బాదులు నేల మీద ఉన్నప్పుడే విద్యార్థులు టేపులూ నోటు పుస్తకాలూ పట్టుకుని ఆ మేస్త్రీల దగ్గరకు వెళ్ళాలి. ప్రభ లేచి నిలబడ్డాక చాలా ముళ్ళు దీపాల వెనక కనిపించకుండా పోతాయి.