ప్రశ్నలోనే విద్య

ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొను విద్యార్థికి దగ్గరలో గురువు దొరకకపోవచ్చును. అట్టివారికి 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ అనువారు ఇంటర్నెట్టులో స్థాపించిన స్టాక్ ఓవర్‌ఫ్లో పెద్ద అండయైనది. ఎవరైనను ప్రశ్న అడుగవచ్చును. తెలిసినవారు ప్రతిఫలము కోరక సమాధానమిత్తురు. చదివినవారు ఓట్లు వేయుదురు. ఈ ఏర్పాటు మెచ్చదగినదే. దానిని విద్యార్థులు వాడుకొను తీరు మెచ్చదగినదేనా?

ఒక ఉదాహరణము చూతము. పైథాన్ భాషలో 0.1కి 0.2 కలిపినచో 0.3 రాదు, 0.30000000000000004 వచ్చును. ఈ వింతను గూర్చి అక్కడ ప్రశ్నయు, చక్కని వివరణలును ఉన్నవి. 1/3ను దశాంశములలో వ్రాసినచో 0.333... అని అంతులేక సాగును గదా! 0, 1 అను రెండంకెలతోనే వ్రాయు ద్విసంఖ్యామానములో 1/10 కూడ అట్లే అంతులేక సాగును. కంప్యూటరు దానిని ఒక హద్దువద్ద సవరించి నిలుపుకొనును. ఆ స్వల్పభేదమే పైన కనబడినది.

ఇది చదివినవాడు ఒక గణితసత్యమును గ్రహించును. దీనిని దాటవేసి, ‘రౌండ్’ అను ఆజ్ఞను మాత్రము నకలు చేసికొన్నవాడు ఆనాటికి గట్టెక్కును; మరునాడు రెండు దశాంశ సంఖ్యలు సమానమా అని పోల్చునప్పుడు మరల అదే గోతిలో పడును.

నకలు వలన చేటు ఇంతతో ఆగదు. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 13 లక్షల ఆండ్రాయిడ్ ఆప్‌లను పరీక్షించిరి. వానిలో 15.4 శాతము ఆప్‌లలో అక్కడినుండి తెచ్చిన భద్రతా సంబంధమైన ప్రోగ్రాము ముక్కలుండెను. అట్టి ఆప్‌లలో 97.9 శాతమునందు సురక్షితము కాని ముక్క కనీసము ఒక్కటైనను ఉండెను. ఓట్లు ఆదరణకు కొలతయే గాని సత్యమునకు కొలత కాదు.

ఆ సంస్థయందును లోపము లేకపోలేదు. “ఇది ఇదివరకే అడిగినది” అని ప్రశ్నను మూసివేసినచో క్రొత్తవాడు చిన్నబుచ్చుకొనును. కాని అక్కడి నియమము ఒకటి బంగారము వంటిది: తప్పు కనబడుటకు చాలినంత చిన్న ప్రోగ్రామునే చూపి అడుగవలెను. నూరు పంక్తులను తగ్గించి తగ్గించి అయిదు పంక్తులకు తెచ్చుసరికి, తప్పెక్కడనున్నదో పెక్కుమార్లు అడుగకయే తెలియును.

యంత్రములు వ్రాసిన సమాధానములను ఆ సంస్థ 2022 డిసెంబరులో నిషేధించినది. అయినను నేడు పలువురు విద్యార్థులు నేరుగా యంత్రమునే అడుగుచున్నారు. అది ఎంత అస్పష్టమైన ప్రశ్నకైనను విసుగక బదులిచ్చును. ప్రశ్నను చక్కదిద్దుకొని రమ్మని పట్టుబట్టదు. ఆ పట్టుదల ఇక ఉపాధ్యాయుడే వహింపవలెను. ఏ సమాధానమునైనను వెదకుటకు ముందు, తన ప్రశ్నను అయిదు పంక్తులలో నోటుపుస్తకమున వ్రాయుమని విద్యార్థిని కోరిన చాలును.