శేషాన్ని శోధించిన జ్వీ గ్రిలికెస్

ఒక దేశపు ఉత్పత్తి పెరుగుదల నుంచి శ్రమకూ పెట్టుబడికీ చెందే వాటాలను తీసివేయగా మిగిలే భాగాన్ని అర్థశాస్త్రంలో శేషం అంటారు. 1909 నుంచి 1949 వరకు అమెరికాలో పనిగంటకు లభించే ఉత్పత్తి రెట్టింపు కాగా, అందులో ఎనిమిదింట ఏడు వంతులు ఈ శేషానిదేనని 1957లో రాబర్ట్ సోలో లెక్కగట్టి, దానికి సాంకేతిక మార్పు అని పేరుపెట్టారు. ఆ పేరు కింద ఏమేమి పోగుపడి ఉన్నాయో విడదీసి కొలవడమే జీవితకాలపు పనిగా పెట్టుకున్నవారు జ్వీ గ్రిలికెస్. 1930లో లిథువేనియాలోని కౌనస్‌లో పుట్టి, నాజీల డాకావ్ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడిన ఆయన షికాగోలో డాక్టరేట్ పొంది, తరువాత హార్వర్డ్ ఆచార్యులయ్యారు.

అలాంటి సాంకేతిక మార్పుల్లో ఆయన మొదట చేపట్టినది సంకర మొక్కజొన్న. శుద్ధ వంగడాలను కలిపి తయారుచేసే ఈ విత్తనాన్ని రైతు ఏటా కొత్తగా కొనాలి. పైగా ఒక ప్రాంతానికి అమరిన రకం మరొక ప్రాంతంలో పనికిరాదు కనుక ఎక్కడికక్కడ వేరుగా రూపొందించాలి. 1930ల మధ్యనే అయోవాలో ఊపందుకున్న ఈ విత్తనం అలబామాలో ఆ స్థాయికి రావడానికి మరో దశాబ్దం పైగా ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు, గ్రిలికెస్ రైతుల స్వభావంలో జవాబు వెతకలేదు. మొదట నెమ్మదిగా, నడుమ వేగంగా సాగి, చివర మళ్ళీ నిదానించే రేఖతో ప్రతి ప్రాంతపు వ్యాప్తినీ వర్ణించి, ప్రారంభకాలాన్ని విత్తన సంస్థలు ఆశించే లాభంతోనూ, వేగాన్ని రైతుకు ఎకరానికి మిగిలే ఆదాయంతోనూ ముడిపెట్టారు. తన నేలకు తగిన విత్తనం అంగడికే రాని రైతును వెనుకబడినవాడని నిందించడం ఎంత అన్యాయమో ఈ లెక్క చూపుతుంది. ఆయన కృషిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

ఈ విత్తన పరిశోధనపై వెచ్చించిన ప్రతి డాలరుకూ సమాజానికి ఏటా కనీసం ఏడు డాలర్లు తిరిగివచ్చాయని 1958లో అంచనా వేసిన గ్రిలికెస్, అది గెలిచిన ప్రయత్నాన్ని ఎంచుకొని కట్టిన లెక్క అన్న సంగతినీ దాచలేదు. 1961లో కార్ల ధరలను వాటి బరువు, పొడవు, ఇంజను శక్తి వంటి గుణాలుగా విడగొట్టి, ధర పెరుగుదలలో నాణ్యత వాటా ఎంతో చూపారు. 1967లో డేల్ జోర్గెన్సన్‌తో కలిసి, శ్రమనూ యంత్రాలనూ సరిగ్గా కొలిస్తే శేషం దాదాపు మాయమవుతుందని వాదించారు. విమర్శలు వచ్చాక ఆ వాదాన్ని కొంత సడలించుకోవడం కొలతను గౌరవించే మనిషి లక్షణం.

అమెరికా అర్థశాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షుడిగా చేసి, 1994లో అచ్చయిన ఉపన్యాసంలో ఆయన గణాంకాల కొరత గురించే మాట్లాడారు. వైద్యం, ఆర్థిక సేవలు వంటి, ఉత్పత్తిని కొలవడం కష్టమైన రంగాలకే కంప్యూటర్లలో అధికభాగం వెళ్ళిందనీ, అందుచేత వాటి ఫలితం ఉత్పాదకత అంకెల్లో కనిపించకపోవడం వింత కాదనీ, ఆ అంకెలను సేకరించే పనిలో అర్థశాస్త్రవేత్తలు స్వయంగా పాలుపంచుకోవాలనీ కోరారు.