ఏ కన్యాశుల్కం?

కన్యాశుల్కం మీద ఒక వ్యాసాన్ని పత్రికకు పంపేముందు చూసిపెట్టమని ఒక పరిశోధక మిత్రుడు ఈ మధ్య నాకు ఇచ్చాడు. 1897 నాటికే గురజాడ మధురవాణికి అంతటి వ్యక్తిత్వం ఇచ్చాడనీ, ఆనాటి సంస్కరణోద్యమం కన్నా ఆయన ఎంతో ముందున్నాడనీ వ్యాస సారాంశం. ఉదాహరించిన సంభాషణలన్నీ మనం రోజూ చదువుకునే నాటకంలోవి. ఉపయుక్త గ్రంథసూచిలో ఉన్నది మొన్నటి పునర్ముద్రణ సంవత్సరం. 1909 అన్న అంకె వ్యాసం మొత్తంలో ఎక్కడా లేదు.

"ఏ కన్యాశుల్కం బాబూ?" అని అడిగాను.

"ఐ.ఎస్.బి.ఎన్. ఇచ్చాను కదా మాష్టారూ, మిగతా వివరాలు సాఫ్ట్‌వేరే తెచ్చుకుంది" అన్నాడు.

ఈ జవాబులోనే మన విమర్శకు వచ్చిన కొత్త జబ్బు ఉంది. 1897లో అచ్చయిన కన్యాశుల్కం అయిదంకాల నాటకం. 1909లో వచ్చింది ఏడంకాలది. గురజాడ రెండోసారి చేసింది అచ్చుతప్పులు దిద్దడం కాదు, నాటకాన్ని తిరగరాయడం. మధురవాణి పాత్ర పెరిగింది ఆ తిరగరాతలోనే. కాబట్టి 1909 నాటి మాటల్ని 1897 నాటి చైతన్యానికి సాక్ష్యంగా నిలబెడితే కూలిపోయేది ఒక సంవత్సరం అంకె కాదు, వ్యాసంలోని వాదనే. ఆ పన్నెండేళ్ళలో రచయిత నడిచిన దూరమే మనకు కనిపించకుండా పోతుంది.

ఇంతకీ ఆ సంఖ్య మనకు ఏం చెబుతుంది? అది 1960లలో ఇంగ్లండులో పుస్తక వ్యాపార సంస్థ డబ్ల్యు.హెచ్. స్మిత్ గిడ్డంగి అవసరాల కోసం పుట్టింది. 1970లో అంతర్జాతీయ ప్రమాణమయింది. 2007 నుంచి పది అంకెలకు బదులు పదమూడు అంకెలుగా మారింది. అందువల్ల ఒకే పుస్తకానికి రెండు రూపాల్లో సంఖ్య కనిపించినా అవి రెండు కూర్పులు కావు. అదే పుస్తకం గట్టి అట్టతో వస్తే ఒక సంఖ్య, మెత్తని అట్టతో వస్తే వేరొక సంఖ్య. లోపలి పాఠం మాత్రం ఒక్కటే. మార్పు లేని పునర్ముద్రణకు పాత సంఖ్యే కొనసాగుతుంది. అంటే ఆ సంఖ్య గుర్తించేది అమ్మకానికి వచ్చిన సరుకుని. రచన చరిత్రను చెప్పడం దాని పని కాదు, అందులో దాని తప్పూ లేదు. చెబుతుందని మనం నమ్మడమే తప్పు.

బంగోరె మొట్టమొదటి కన్యాశుల్కాన్ని 1969లో మళ్ళీ వెలుగులోకి తెచ్చాడు. మా మిత్రుడి సమస్యను తేల్చగలిగినది ఆ పుస్తకమే. కానీ ఆ ప్రమాణం రాకముందు అచ్చయిన దానికి సంఖ్య ఎక్కడిది? సంఖ్య కొట్టి వెతికేవాడికి అది లేనట్టే. మన పాత పుస్తకాలు, కరపత్రాలు, రచయితలు చేతి డబ్బు పెట్టి వేసుకున్న కవితా సంపుటాలు అన్నిటి గతీ ఇదే.

మన ప్రచురణకర్తల అలవాటు ఈ చిక్కును మరింత పెంచుతోంది. 'ముద్రణ' అన్న ఒక్క మాటనే మార్పు లేని పునర్ముద్రణకూ, తిరగరాసిన కూర్పుకూ వాడేస్తారు. జొటేరో వంటి సాఫ్ట్‌వేర్‌లో కూర్పు సంఖ్యకు ఒక గడి ఉంది. పుస్తకం మీద 'పన్నెండవ ముద్రణ' అని ఉందని ఆ గడిలో 12 వేస్తే, రచయిత దాన్ని పన్నెండుసార్లు సవరించాడని పాఠకుడు అనుకుంటాడు.

నేను కూడా ఈ తప్పుకు అతీతుణ్ణి కాను. నా పట్టికలో 'కన్యాశుల్కం' అని ఒకటి, 'కన్యాశుల్కము' అని ఒకటి కనబడితే, రెండూ ఒకటేననుకుని నా చేతులతోనే కలిపేశాను. ఆ తర్వాత నేను రాసుకున్న పుటసంఖ్యలు ఏ ప్రతివో నాకే తెలియలేదు. మళ్ళీ రెండు పుస్తకాలూ ముందేసుకుని మొదటినుంచీ చదవాల్సి వచ్చింది.

ఇదంతా గుమాస్తా పని, విమర్శకుడు చూడవలసింది వస్తువును కదా అని కొందరు మిత్రులు అనవచ్చు. వస్తువును దాని కాలంలో పెట్టి చూడాలని చెబుతున్నది మనమే. మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది 1950లో. అందులోని కవితల్లో ఎక్కువ భాగం 1930లలోవి. నిన్నటి పునర్ముద్రణ సంవత్సరం ఒక్కటే ఇస్తే, ఆకలి, నిరుద్యోగం నిండిన ఆ దశాబ్దానికీ ఆ కవితలకూ ఉన్న సంబంధం తెగిపోతుంది. కాలం తప్పు వేసి చారిత్రక దృష్టి గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

యంత్రాన్ని వదిలెయ్యమని నేననడం లేదు. సంఖ్య కొట్టగానే వచ్చిన వివరాల్ని పుస్తకం చేతబట్టుకుని ముఖపత్రం వెనక పుటతో సరిచూడండి. కూర్పుకొక నమోదు ఉంచండి. తిరగరాసినదాన్ని పాతదానితో కలపకండి. జొటేరోలో 'ఎక్స్‌ట్రా' అన్న గడి ఉంది. మీరు చదివిన పాఠం మొదట వెలువడిన సంవత్సరాన్ని అందులో 'ఒరిజినల్ డేట్' పేరుతో ఇంగ్లీషులో వేస్తే, రెండు సంవత్సరాలనూ చూపించే ఉల్లేఖన శైలుల్లో అవి రెండూ అచ్చవుతాయి. సంఖ్య లేని పుస్తకాన్ని వదిలెయ్యకుండా వివరాలు చేత్తో ఎక్కించండి.

మా మిత్రుడు వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. రెండు కన్యాశుల్కాలనూ పక్కపక్కన పెట్టుకుని మధురవాణిని మళ్ళీ చదువుతున్నాడు. ఈసారి రాయబోయేది మొదటిదానికన్నా మంచి వ్యాసమవుతుందని నా నమ్మకం. గురజాడ ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాడో అందులో ఉంటుంది.